గట్టు మీది తుమ్మ, చేనులోని పత్తి: తుప్పు తెగులు పేరు, స్వభావం, పరిధి

వ్యాససంగ్రహం:
గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప చేల గట్ల మీద నల్లతుమ్మ సర్వసాధారణంగా కనిపిస్తుంది. ఆ తుమ్మ ఆకులపై కుంకుమరంగు పొడి పట్టడం, అదే కాలంలో పత్తి ఆకులపైనా అటువంటి పొడి కనబడడం వల్ల ఒకదాని నుంచి మరొకదానికి తెగులు సోకుతుందన్న అనుమానం కలగడం సహజం. తెలుగులో రెండింటినీ 'తుప్పు తెగులు' అనే ఒకే పేరుతో పిలవడం ఈ అనుమానానికి బలమిస్తోంది. తుప్పు శిలీంధ్రాల జీవన విధానాన్ని, వాటి తెలుగు పేర్ల స్వభావాన్ని కలిపి పరిశీలించి, ఈ అనుమానం ఎక్కడ సరైనదో, ఎక్కడ కాదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నల్లతుమ్మ, తుప్పు తెగులు, కుంకుమ తెగులు, రావెనీలియా, పత్తి, అతిథేయి, వ్యవసాయ పదజాలం.

1. ఉపోద్ఘాతం:

గుంటూరు, పల్నాడు, ప్రకాశం మండలాల మెట్ట జీవనంలో తుమ్మకు ప్రత్యేక స్థానం ఉంది. నాగలికీ, బండి చక్రాలకూ కలప, తోళ్లు పదును చేయడానికి బెరడు, మేకలకు కాయలు, పొయ్యికి బొగ్గు, బంక, పలుదోముపుల్ల — ఇన్ని ప్రయోజనాలు ఈ ఒక్క చెట్టు నుంచే లభించాయి. ఊరిపేర్లలోనూ ఈ చెట్టు నిలిచి ఉంది. గుంటూరు జిల్లాలో తుమ్మలపాలెం, పల్నాడులో పిడుగురాళ్ల దగ్గర తుమ్మలచెరువు ఉన్నాయి. 'తుమ్మల' ఇంటిపేరుగానూ ప్రసిద్ధమే. 'అభినవ తిక్కన'గా పేరొందిన తుమ్మల సీతారామమూర్తి (1901-1990) ఈ ప్రాంతపు కవి.

ట్రాక్టరు వచ్చి నాగలికి, బండికి గిరాకీ తగ్గిన తర్వాత గట్టు మీది తుమ్మ విలువ కూడా తగ్గింది. చేనుకు నీడపడుతుందనీ, వేళ్లు తేమను లాగుతాయనీ ఉన్న అభ్యంతరాలకు తెగులు భయం కూడా తోడైతే గొడ్డలి పడడం తేలిక. అందువల్ల తుమ్మ మీది తుప్పు పత్తికీ, మిరపకూ సోకుతుందా అనేది కేవలం వృక్షశాస్త్ర ప్రశ్న కాదు. గట్టు మీద చెట్టు ఉండాలా వద్దా, చేనులో మందు చల్లాలా వద్దా అన్న నిర్ణయాలు దీనిపై ఆధారపడి ఉంటాయి.

2. తెలుగు తెగులు పేర్లు - కంటికి కనిపించే లక్షణం:

'తెగులు' అన్న మాట మనిషి రోగానికీ, పైరు రోగానికీ చెల్లినదే అయినా నేటి వాడుకలో ప్రధానంగా పైరుకు స్థిరపడింది. పైరు తెగుళ్లకు తెలుగు రైతు పెట్టిన పేర్లలో ఒక క్రమం కనిపిస్తుంది. మిరప ఆకుపై తెల్లని పొడి పడితే బూడిద తెగులు, జొన్న గింజ నల్లని పొడిగా మారితే కాటుక తెగులు, సజ్జ కంకి నుంచి జిగురు కారితే తేనెబంక తెగులు, కంకి ఆకులు ఆకులుగా విచ్చుకుంటే వెర్రికంకి తెగులు. అదే క్రమంలో ఎర్రని పొడి రాలితే కుంకుమ తెగులు లేదా తుప్పు తెగులు.

బూడిద, కాటుక, తేనె, కుంకుమ, తుప్పు — ఇవన్నీ ఇంట్లో నిత్యం కనిపించే వస్తువులు. చూడగానే గుర్తుపట్టి, వినగానే అర్థమయ్యే పేర్లు కావడం వీటి బలం. అయితే ఇవి లక్షణాన్ని చెబుతాయే తప్ప కారణాన్ని చెప్పవు. వేరుశనగ తుప్పు, జొన్న తుప్పు, పత్తి తుప్పు, తుమ్మ తుప్పు వేర్వేరు శిలీంధ్రాల వల్ల కలుగుతాయి. పొడి రంగు ఒకటే కావడం వల్ల పేరు ఒకటైంది. పేరు ఒకటి కావడం వల్ల తెగులూ ఒకటేనన్న భావన ఏర్పడుతోంది.

ఈ పోలిక తెలుగుకే పరిమితం కాదు. ప్రాచీన రోమనులు గోధుమ తుప్పును ఒక దేవత ఆగ్రహంగా భావించి ఏటా ఏప్రిల్ 25న 'రోబిగేలియా' అనే ఉత్సవం జరిపేవారు. 1767లో ఇటలీకి చెందిన ఫెలీచే ఫోంటానా సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఆ పొడి మొక్కను ఆశ్రయించి బతికే సూక్ష్మజీవుల సముదాయమని వివరించాడు.

3. తుప్పు శిలీంధ్రాల స్వభావం:

తుప్పు శిలీంధ్రాలు 'పుక్సీనియేలిస్' అనే క్రమానికి చెందినవి. ప్రపంచవ్యాప్తంగా వీటిలో ఏడెనిమిది వేల జాతులను గుర్తించారు. వీటి స్వభావంలో మూడు అంశాలు ప్రధానమైనవి.

మొదటిది, ఇవి సజీవమైన మొక్కపైనే బతుకుతాయి. చచ్చిన ఆకు మీద, కుళ్లిన చెత్త మీద పెరగలేవు. శిలీంధ్ర తంతువు ఆకు కణంలోనికి చూషకాన్ని పంపి, కణాన్ని చంపకుండానే ఆహారాన్ని గ్రహిస్తుంది. ఆశ్రయమిచ్చే ఈ మొక్కను అతిథేయి అంటారు.

రెండవది, కణాన్ని చంపకుండా దానిలో కాపురం చేయాలంటే ఆ మొక్క రక్షణ వ్యవస్థను తప్పించుకోగలగాలి. ఒక మొక్కకు అనువుగా పరిణమించిన శిలీంధ్రం సంబంధంలేని మరో మొక్కలో నిలదొక్కుకోలేదు. అందుచేత చాలా తుప్పు శిలీంధ్రాల పరిధి ఒక మొక్క జాతికో, దగ్గరి బంధువులైన కొన్ని జాతులకో పరిమితమవుతుంది.

మూడవది, వీటి జీవితచక్రంలో గరిష్ఠంగా ఐదు రకాల దశలు ఉంటాయి. చేనులో కుంకుమలా రాలేవి యురిడినియోస్పోరులనే సిద్ధబీజాలు. గాలిలో ఎగిరి అదే రకం మొక్క ఆకులపై పడి, తేమ దొరికితే మొలకెత్తి, మళ్లీ అటువంటి సిద్ధబీజాలనే పుట్టిస్తాయి. తెగులు త్వరగా వ్యాపించడానికి కారణం ఈ దశే. కాలం మారి ఆకు ముదిరినప్పుడు గోధుమ, నలుపు రంగుల్లో టీలియోస్పోరులు ఏర్పడతాయి. జాతులను గుర్తించడానికి శాస్త్రజ్ఞులు ముఖ్యంగా ఈ టీలియోస్పోరుల ఆకారాన్నే ఆధారం చేసుకుంటారు.

4. నల్లతుమ్మపై రావెనీలియా:

తుమ్మ, దిరిసెన వంటి చెట్లను ఆశ్రయించే తుప్పులలో పెద్ద ప్రజాతి రావెనీలియా. అమెరికాకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు హెన్రీ విలియం రావెనెల్ పేరు మీద ఇంగ్లండు శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ దీనికి ఆ పేరు పెట్టాడు. ఈ ప్రజాతిలో రెండు వందలకు పైగా జాతులున్నాయి. అత్యధికం చిక్కుడు కుటుంబపు మొక్కలపైనే బతుకుతాయి. దిరిసెనపై రావెనీలియా సెస్సిలిస్, కానుగపై రావెనీలియా హాబ్సోనీ ఇందుకు ఉదాహరణలు.

నల్లతుమ్మను ఆశ్రయించే రావెనీలియా అకేసియే-అరాబికే అనే జాతిని 1946లో బి.బి.ముండ్కూర్, ఎం.జె.తిరుమలాచార్ వర్ణించారు. వీరిలో ముండ్కూర్ 1947లో భారతీయ వృక్షరోగశాస్త్ర సంఘాన్ని స్థాపించిన శాస్త్రవేత్త. ఇదే చెట్టుపై రావెనీలియా ఇవాన్సీ అనే మరో జాతి కూడా భారతదేశంలో ఉన్నదనీ, రెండూ వేర్వేరనీ 2013లో భారతీయ, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కలిసి నిర్ధారించారు. అంటే ఒకే చెట్టు మీది 'తుప్పు' కూడా ఒకటే కాకపోవచ్చు.

రావెనీలియా టీలియోస్పోరుల నిర్మాణం విలక్షణమైనది. ఇతర తుప్పులలో ఒకటి రెండు కణాలుగా ఉండే టీలియోస్పోరులు ఇక్కడ అనేకం కలిసి, ఒకే కాడపై చిన్న పళ్లెంలా అమరి ఉంటాయి. పళ్లెం అడుగున తేమ తగలగానే ఉబ్బే తిత్తులు ఉంటాయి. సూక్ష్మదర్శినిలో ఒక్కసారి చూసినవారు దీన్ని పత్తి తుప్పుగా పొరబడే అవకాశం లేదు.

పేరు విషయంలో మరొక విశేషం ఉంది. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ 'అకేసియా' అనే పేరును ఆస్ట్రేలియా తుమ్మలకు కేటాయించింది. 2011లో మెల్‌బోర్న్ మహాసభలోనూ ఆ నిర్ణయం నిలిచింది. ఫలితంగా అకేసియా నిలోటికా అయిన నల్లతుమ్మ వాచెలియా నిలోటికాగా, చండ్ర సెనెగాలియా కటేచుగా మారాయి. కాని శిలీంధ్రం పేరులో 'అకేసియే-అరాబికే' అన్న పాత చెట్టుపేరు అలాగే మిగిలింది. లాటిన్ పేర్లు ఇన్ని మార్పులకు లోనైనా తెలుగులో తుమ్మ తుమ్మగానే ఉంది. చెట్ల విషయంలో నిలకడగా ఉన్న తెలుగు పేరు తెగుళ్ల విషయంలో అస్పష్టంగా ఉండడం ఇక్కడ గమనించదగినది.

5. గట్టు మీది మొక్కపై అనుమానం - ఎక్కడ నిజం?

పక్కన ఉన్న మొక్క వల్ల పైరుకు తుప్పు వస్తుందనుకోవడం అమాయకత్వమేమీ కాదు. యూరప్ రైతులు బార్బెరీ పొదల దగ్గరున్న గోధుమకు తుప్పు ఎక్కువని శాస్త్రం కంటే ముందే గ్రహించారు. పండితులు చాలాకాలం దాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేశారు. 1865లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆంటోన్ డి బారీ, ఒకే శిలీంధ్రం కొంతకాలం గోధుమపై, కొంతకాలం బార్బెరీపై బతుకుతుందని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. రైతుల అనుమానమే నిజమైంది.

తెలుగు నేలకు సుపరిచితమైన పైర్లలోనూ ఇటువంటి జంట ఉంది. సజ్జకు వచ్చే తుప్పు శిలీంధ్రం తన జీవితంలో ఒక భాగాన్ని వంగ మొక్కపై గడుపుతుంది. జొన్న తుప్పుకు పులిచింత అటువంటి రెండవ అతిథేయి. పత్తికే వస్తే, అమెరికా నైరుతి ప్రాంతంలోనూ మెక్సికోలోనూ పత్తిని ఆశించే పుక్సీనియా కకబాటా అనే శిలీంధ్రం అక్కడి గ్రామా గడ్డిపై మిగిలిన జీవితాన్ని గడుపుతుంది. అక్కడ గట్టు మీది గడ్డిని అనుమానించడం సరైనదే.

అయితే ఈ ఉదాహరణలన్నింటిలో ఒక నియమం ఉంది. రెండు అతిథేయిలపై బతికే శిలీంధ్రం కూడా ఇష్టం వచ్చిన మొక్కకు పోదు. దానికి రెండే మజిలీలు, అవి కూడా స్థిరమైనవి. సజ్జ తుప్పు వంగకు పోతుంది గాని తుమ్మకు పోదు.

నల్లతుమ్మ రావెనీలియాకు తెలిసిన అతిథేయిలు తుమ్మలూ, వాటి దగ్గరి బంధువులే. భారతదేశంలో పత్తిపై వచ్చే తుప్పుకు కారణం ఫకోప్సోరా గాసిపీ. దీని ఆశ్రయం పత్తీ, పత్తి బంధువర్గమూ. తుమ్మది చిక్కుడు కుటుంబం. పత్తిది బెండ, మందారల కుటుంబం. మిరపది వంగ కుటుంబం. తుమ్మ ఆకు నుంచి ఎగిరిన సిద్ధబీజం పత్తి ఆకు మీద పడవచ్చు, తేమకు మొలకెత్తవచ్చు కూడా. కాని ఆ ఆకులో కాపురం చేయలేక నశిస్తుంది. కనుక తుమ్మను నరికినందువల్ల పత్తి తుప్పు తగ్గదు. పత్తి తుప్పుకు మూలం పత్తి మొక్కలే. పంట ముగిశాక కూడా చేనులో నిలిచి ఉండే పత్తి, వానకు తనంత తాను మొలిచే పత్తి, పక్కచేలలోని పత్తి — చూపు పెట్టవలసింది వీటి మీద.

6. పోల్చి చూడవలసిన మరో అనుభవం - నల్ల తామరపురుగు:

గట్టు మొక్కల పట్ల భయం బలపడడానికి ఇటీవలి అనుభవం ఒకటి కారణం కావచ్చు. 2021-22 మిరప పంటకాలంలో గుంటూరు, ప్రకాశం ప్రాంతాలను కొత్తరకం నల్ల తామరపురుగు, థ్రిప్స్ పార్విస్పైనస్, తీవ్రంగా దెబ్బతీసింది. ఇది భారతదేశంలో మొదట 2015లో బొప్పాయిపై నమోదైంది. తర్వాత మిరప పూలలోకి చేరి, పూత రాలిపోయేలా చేసి, వేలాది రైతుల పెట్టుబడిని తుడిచిపెట్టింది.

ఈ పురుగు బొప్పాయి నుంచి మిరప వరకు, పూలమొక్కల నుంచి కలుపు మొక్కల వరకు పలు కుటుంబాల మొక్కలపై బతకగలదు. కనుక దాని విషయంలో చేను చుట్టూ ఉన్న మొక్కలను గమనించడం అవసరమే. కాని పురుగు విషయంలో సరైన సూత్రాన్ని తుప్పు శిలీంధ్రానికి అన్వయించరాదు. ఒకటి దొరికిన మొక్కనల్లా తినగలిగేది. మరొకటి తనకు నిర్ణయమైన ఇంట్లో తప్ప కాలు మోపలేనిది. ఈ భేదం తెలియకపోతే ఒక ఆపద నేర్పిన పాఠమే మరోచోట పొరపాటుకు దారితీస్తుంది.

7. ఇక్కడ స్వల్పం, అక్కడ ఆశ:

నల్లతుమ్మ తుప్పు ఎదిగిన చెట్టును సాధారణంగా చంపదు. కొంత ఆకు రాలుతుంది, మళ్లీ చిగురిస్తుంది. నారుమడిలోని లేత మొక్కలకే దీనివల్ల ఎక్కువ ఇబ్బంది. గట్టు మీది చెట్టుకు ఈ తుప్పు నిమిత్తం మందు కొట్టవలసిన అవసరం కనిపించదు.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని ఈ శిలీంధ్రాన్ని ఆస్ట్రేలియా ఆశతో పరిశీలించింది. నీడకోసం, మేతకోసం క్వీన్స్‌లాండ్‌కు తీసుకుపోయిన నల్లతుమ్మ అక్కడ అదుపు తప్పి 60 లక్షల హెక్టార్లకు పైగా గడ్డిభూములను ఆక్రమించింది. అక్కడి చెట్లు భారత ఉపఖండపు ఉపజాతికి చెందినవని జన్యు పరీక్షలు తేల్చాయి. దాంతో దాని సహజ శత్రువుల కోసం భారతదేశంలో అన్వేషణ జరిగింది. కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ ఇందులో పాలుపంచుకుంది. పరిశీలించిన వాటిలో రావెనీలియా అకేసియే-అరాబికే ఒకటి. అయితే పరీక్షల్లో అది ఆస్ట్రేలియా స్థానిక జాతి అయిన అకేసియా సదర్‌లాండీపై కూడా వృద్ధి చెందడంతో దాన్ని విడుదల చేయలేదు. ఈ ఫలితం శిలీంధ్రం పరిధిని కచ్చితంగా చూపుతుంది. అది తుమ్మ నుంచి మరో తుమ్మకు పోగలదు, సరిహద్దు బంధుత్వమే.

దక్షిణాఫ్రికాలో ఇటువంటి ప్రయత్నం ఫలించింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చి కలుపుగా మారిన అకేసియా సాలిగ్నాపై 1987లో యురోమైక్లేడియం టెప్పేరియానం అనే తుప్పును విడుదల చేశారు. కొమ్మలపై పెద్ద బొడిపెలు పుట్టించి, కాలక్రమంలో అది చెట్ల సాంద్రతను గణనీయంగా తగ్గించింది. అదే దేశంలో 2013లో యురోమైక్లేడియం అకేసియే అనే మరో తుప్పు నల్లవాటిల్ తోటలపై విజృంభించి, కలప, బెరడు పరిశ్రమకు నష్టం తెచ్చింది. చెట్టు కలుపైనచోట తుప్పు మిత్రం, చెట్టు పంటైనచోట తుప్పు శత్రువు.

మరో వింత కూడా ఉంది. దక్షిణ భారతదేశంలో అకేసియా ఎబర్నియా అనే ముళ్లతుమ్మపై బొడిపెలు పుట్టించే తుప్పును స్థానికులు వండుకు తింటారని నరసింహన్, తిరుమలాచార్ 1961లో ప్రకటించి, దానికి రావెనీలియా ఎస్కులెంటా అని పేరు పెట్టారు. ఎస్కులెంటా అంటే తినదగినది అని అర్థం.

8. జాగ్రత్త పడవలసిన చోటు - సుబాబుల్, జామాయిల్:

తుమ్మ తుప్పు పత్తికి ప్రమాదం కాదన్నంత మాత్రాన తుప్పుల గురించి నిశ్చింతగా ఉండవచ్చని కాదు. ప్రకాశం ప్రాంతంలో అనేక రైతులు పత్తి, పొగాకు వంటి పంటల అనిశ్చితి నుంచి తప్పుకోవడానికి కాగితపు మిల్లులకు అమ్మే సుబాబుల్, జామాయిల్ తోటలు వేశారు. రెండూ పరాయి దేశాల చెట్లే. పరాయి చెట్టు తొలినాళ్లలో ఆరోగ్యంగా ఎదగడానికి ఒక కారణం, దాని సహజ శత్రువులు వెంట రాకపోవడం. ఆ వెసులుబాటు శాశ్వతం కాదు. సుబాబుల్ చిగుళ్లను పీల్చే సిల్లిడ్ పురుగు 1984లో హవాయిలో కనిపించి, 1988 నాటికి భారతదేశానికి చేరింది.

తుప్పుల విషయంలోనూ ఇటువంటి అవకాశం ఉంది. సుబాబుల్ జన్మభూమి అయిన మెక్సికోలో ఆ ప్రజాతిని ఆశ్రయించే రావెనీలియా జాతులున్నాయి. బ్రెజిల్‌లో జామ చెట్టుపై గుర్తించిన ఆస్ట్రోపుక్సీనియా సిడీ అనే తుప్పు అక్కడ నాటిన జామాయిల్‌ను పట్టింది. 2010లో ఆస్ట్రేలియా చేరింది. వందలాది జాతులను ఆశించగల ఈ తుప్పు సైతం జామ, నేరేడు, జామాయిల్ ఉన్న ఒకే కుటుంబాన్ని దాటలేదు. కనుక అసలు ప్రమాదం గట్టు మీది తుమ్మ నుంచి కాదు. పరీక్ష లేకుండా దేశాలు దాటి వచ్చే నారు, అంటుకొమ్మల నుంచి. ఒకే రకం చెట్టు వేలాది ఎకరాల్లో ఉన్నచోట దానికి తగిన తుప్పు ఒక్కటి వస్తే అడ్డు ఉండదు.

9. గుర్తింపు, నామకరణం:

పొలంలో తుప్పును గుర్తించడానికి కొన్ని సులువైన పరిశీలనలు చాలు. ఆకుపై మచ్చను వేలితో రుద్దితే కుంకుమ లేదా ఇటుకరంగు పొడి అంటాలి. ఆకు పొరను చీల్చుకుని పైకి వచ్చిన చిన్న బుడిపె భూతద్దంలో కనబడాలి. పొడి ఊదితే ఎగిరిపోయి కింద ఆకు నున్నగా ఉంటే అది రోడ్డు దుమ్ము. బుడిపె లోపల గూడు, పురుగు ఉంటే అది కీటకం చేసిన బొడిపె. పత్తిలో ఈ మచ్చలు ఎక్కువగా పంట చివరి దశలో, తేమ వాతావరణంలో, ముదురు ఆకులపై కనిపిస్తాయి.

గుర్తించిన తర్వాత చెప్పే పేరులో అతిథేయి తప్పక ఉండాలి. ఒట్టి 'తుప్పు తెగులు' అని కాక 'పత్తి తుప్పు', 'తుమ్మ తుప్పు', 'వేరుశనగ తుప్పు' అని వాడడం మంచిది. కరపత్రాల్లో, రేడియో ప్రసంగాల్లో, వ్యవసాయ పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో ఈ పద్ధతిని నియమంగా పాటించవచ్చు. లాటిన్ పేర్లలో ఉన్న సుగుణం ఇదే. 'అకేసియే-అరాబికే' అంటే నల్లతుమ్మది, 'గాసిపీ' అంటే పత్తిది అని పేరులోనే చిరునామా ఉంది. తెలుగు పేరులోని కంటిచూపుకు ఈ చిరునామాను జోడిస్తే రైతుకు సులభంగా అర్థమవుతుంది, శాస్త్రానికీ లోపం ఉండదు.

10. ముగింపు:

• 'తుప్పు', 'కుంకుమ' అనే తెలుగు పేర్లు లక్షణాన్ని సూచిస్తాయి. కారణమైన జీవిని కాదు. ఒకే పేరు గల తెగుళ్లు ఒకే శిలీంధ్రం వల్ల రావు.
• నల్లతుమ్మపై రావెనీలియా, పత్తిపై ఫకోప్సోరా వేర్వేరు శిలీంధ్రాలు. తుమ్మ తుప్పు పత్తికి గాని మిరపకు గాని సోకదు. ఆ భయంతో గట్టు మీది తుమ్మను నరకడం వల్ల చేనుకు మేలు లేదు.
• పక్క మొక్కపై అనుమానం కొన్ని సందర్భాల్లో నిజమే. గోధుమ-బార్బెరీ, సజ్జ-వంగ, జొన్న-పులిచింత జంటలు అందుకు సాక్ష్యం. అయితే ఆ జంటలు స్థిరమైనవి.
• పలు మొక్కలపై బతికే నల్ల తామరపురుగు వంటి వాటి అనుభవాన్ని తుప్పులకు అన్వయించడం సరికాదు.
• సుబాబుల్, జామాయిల్ వంటి పరాయి చెట్ల విషయంలో బయటి దేశాల నుంచి వచ్చే నారుపై పరీక్ష, నిఘా అవసరం.
• తెగులు పేరుకు ముందు పైరు లేదా చెట్టు పేరును చేర్చి వాడడం తెలుగు వ్యవసాయ పదజాలంలో స్థిరపడాలి. పేరు స్పష్టంగా ఉన్నచోట గొడ్డలీ, మందు డబ్బా రెండూ అవసరమైనప్పుడే పైకి లేస్తాయి.